తెరమీద పాత పుస్తకం: చదివే పద్ధతి, ఎదురయ్యే చిక్కులు

గత మాఘమాసంలో మన ట్రస్టు కార్యాలయానికి ఒక దాత వచ్చారు. స్వర్గస్థురాలైన తమ తల్లిగారి పేరిట శ్రీ నరసింహ శతకాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేయించి, ధర్మపురి యాత్రికులకు ఉచితంగా పంచాలని వారి సంకల్పం. ఆ తల్లి జీవితమంతా శతకాన్ని నిత్యపారాయణం చేసిన ఇల్లాలు. ఆమె చదివిన ప్రతిని చెదలు తినిపోయాయి. “మా అమ్మ చదివిన పాత పాఠమే ఉండాలె పంతులుగారూ, కొత్తగ దిద్దినయి వద్దు” అని దాతగారు ఒకే ఒక్క నియమం పెట్టారు.

కార్యాలయంలో పనిచేసే అబ్బాయి చురుకైనవాడు. అటువంటి పాత ముద్రణనే అంతర్జాలంలో వెదికి పట్టుకొన్నాడు. తెరమీద దాన్ని తెరచి, అందులోని పాఠాన్ని నకలు తీసి, రెండు రోజుల్లో పుస్తకరూపం కల్పించి చిత్తుప్రతి నా చేతికిచ్చాడు. శేషప్ప కవి ప్రతి పద్యపు మకుటంలోనూ ధర్మపుర నివాసుడైన స్వామిని స్మరించాడు గదా. ఆ చిత్తుప్రతిలో ఒకచోట ‘ధమపుర’ అని ఉంది. మరొకచోట ‘ధమ౯పుర’ అని, ఇంకొకచోట ‘థమపుర’ అని ఉన్నాయి. స్వామివారి ఊరిపేరు సరిగా ఉన్న పద్యాలను వేళ్లమీద లెక్కించవచ్చు. తల్లి స్మృతికై అచ్చువేసే పుస్తకం ఈ రూపంలో వేలమంది చేతుల్లోకి పోయి ఉంటే ఆ దాతగారికి మేము ఏ ముఖం చూపగలిగేవాళ్లం?

అబ్బాయిని పిలిచి అడిగాను. “నేను ఒక్క అక్షరం గూడ కొట్టలే అయ్యగారూ, అండ్ల ఎట్లుందో అట్లనే తీసిన” అన్నాడు. అతడు చెప్పింది నిజమే. పుస్తకాన్ని తెరమీద నాకు చూపించాడు. అక్కడ ప్రతి అక్షరమూ ముత్యంలా ఉంది. మూలం నిర్దుష్టం, నకలు తీసినవాడు నిర్దోషి, నకలు మాత్రం దోషభూయిష్టం. ఈ వింతకు కారణం తెలుసుకోవడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. తెలిసిన సంగతిని పాఠకుల ముందుంచడం ఈ వ్యాసప్రయోజనం. ఎందుకంటే మన పత్రిక పాఠకులలో చాలామంది ఇప్పుడు స్తోత్రాలను, స్థలపురాణాలను ఫోనులోనే తెరచి చదువుకొంటున్నారు.

మొదట ఆ పుస్తకాలు అక్కడికి ఎట్లా చేరాయో కొంచెం చెప్పాలి. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డిగారి చొరవతో ఈ శతాబ్దపు తొలి ఏళ్లలో పది లక్షల పుస్తకాలను చిత్రాలుగా భద్రపరచే ప్రణాళిక మొదలయింది. మన దేశంలో దానికి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని పేరు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ అందులో పాలుపంచుకొన్నాయి. మన గ్రంథాలయాల్లో దుమ్ముపట్టి ఉన్న తెలుగు, సంస్కృత గ్రంథాలు ఎన్నో అట్లా బ్రతికి బయటపడ్డాయి. అయితే ఆ రోజుల్లో అక్కడ పుస్తకం చదవడం ఒక తపస్సు. పుటలన్నీ టిఫ్ అనే పద్ధతి చిత్రాలు. వాటిని చూపడం సాధారణ బ్రౌజరుకు చేతకాదు. దానికి వేరే ఒక ఉపకరణాన్ని తెచ్చి జోడించుకోవాలి, ఆపైన ఒక్కొక్క పుటనే పిలుచుకోవాలి. తర్వాత ఆ పుస్తకాలలో చాలా భాగం, 1996లో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థాపితమైన ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత భాండాగారానికి చేరాయి. అక్కడ పుస్తకం చిరునామాలో ‘డి.ఎల్.ఐ. 2015’ అన్న గుర్తు కనిపిస్తే అది ఆ పాత సంపదలోనిదని గ్రహించాలి. అక్కడ పుస్తకాన్ని తెరచి చూపే సాధనానికి బుక్‌రీడర్ అని పేరు. దీనికి జోడింపులేవీ అక్కరలేదు.

ఇక అసలు సంగతి. ఆ సాధనం మన కంటికి చూపేది పుటయొక్క ఛాయాచిత్రాన్ని. ఆ చిత్రానికి వెనుక, మనకు కనబడకుండా, మరొక పాఠం ఉంటుంది. యంత్రం ఆ చిత్రాన్ని చూసి ‘ఇది ఫలానా అక్షరం కావచ్చు’నని ఊహించి వ్రాసుకొన్న పాఠం అది. మనం వెదకమన్నప్పుడు సాధనం వెదికేది ఆ రెండవదానిలోనే. నకలు తీస్తే చేతికి వచ్చేదీ ఆ రెండవదే. తర్కశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే చిత్రం ప్రత్యక్షం, పాఠం అనుమానం. కొండమీద లేచినది పొగ కాక మంచు అయినప్పుడు అక్కడ నిప్పు ఉన్నదన్న అనుమానం ఏమవుతుందో, యంత్రపు ఊహ కూడా అంతే అవుతుంది.

ధర్మపురి విషయంలో జరిగిందదే. పాత ముద్రణల్లో ‘ర్మ’ అన్నచోట రేఫను మకారానికి కుడిపక్కన ఒక చిహ్నంగా వేసేవారు. దాన్ని వలపలగిలక అంటారు. చూడటానికి అది అచ్చం తెలుగు తొమ్మిది అంకెలా ఉంటుంది. కనుక ఆనాటి పుస్తకంలో ‘ధమ౯పుర’ అని కనిపిస్తుంది, మనం ‘ధర్మపుర’ అని చదువుకొంటాం. నేటి ముద్రణలకు అలవాటుపడిన యంత్రానికి ఈ మర్యాద తెలియదు. ఒకసారి అంకె అనుకొంటుంది, ఒకసారి మరక అనుకొని తుడిచేస్తుంది. అరసున్నకూ ఇదే గతి. ధకార థకారాల నడుమ భేదం ఎంత సూక్ష్మమో మనకు తెలుసు. పకార వకారాలు, మకార యకారాలు మసిబారిన పుటలో యంత్రానికి ఒకటిగానే తోస్తాయి. శకార సకారాలు మారితే సకలం శకలమవుతుంది. సకృత్ అంటే ‘ఒకమారు’. శకృత్ అంటే ఏమిటో ఈ పత్రికలో వ్రాయను, నిఘంటువు చూడగలరు.

మరొక విశేషం. ఇంటర్నెట్ ఆర్కైవులో చాలా ఏళ్లపాటు వాడిన గుర్తింపు యంత్రాంగానికి అసలు తెలుగే రాదు. 2020 చివరలో టెసరాక్ట్ అనే తెలుగు వచ్చిన యంత్రాంగానికి మారారు. కనుక అంతకుముందు చేరిన కొన్ని పుస్తకాల వెనుక తెలుగు పాఠమే ఉండదు. అటువంటి పుస్తకంలో మీరు ఎంత వెదికినా ‘లేదు’ అనే సమాధానం వస్తుంది. దాన్ని నమ్మి, ఆ పద్యం ఆ గ్రంథంలో లేదని నిర్ణయించరాదు.

పుస్తకం పేరును వెదకడంలోనూ ఒక ఉపాయం చెబుతాను. ఆ పాత జాబితాల్లో తెలుగు పుస్తకాల పేర్లు ఎక్కువగా ఆంగ్లలిపిలో ఉన్నాయి. ఎవరి ఉచ్చారణను బట్టి వారు వ్రాశారు. ‘శతకము’లోని శకారానికి ఒకరు ఎస్ ఒక్కటే వేశారు, ఒకరు దాని పక్కన హెచ్ చేర్చారు, తకారానికీ హెచ్ తగిలించినవారున్నారు. కనుక ఒక రూపంతో దొరక్కపోతే మరో రూపంతో, తెలుగులిపిలోనూ, చివరికి కవిపేరుతోనూ ప్రయత్నించాలి. “ఈ గ్రంథం ఎక్కడా లభ్యం కాదు, పునర్ముద్రణకు విరాళమిస్తాను” అని దాతలు ముందుకు వచ్చినప్పుడు నేను మొదట చేయించేది ఈ వెదుకులాటనే.

చదివేటప్పుడు వచ్చే చిక్కులకు వద్దాం. నిర్మల్ వైపునుండి ఒక పాఠకురాలు ఫోనుచేసి, పుస్తకం తెరచినా తెల్లని పుటలే కనిపిస్తున్నాయని బాధపడ్డారు. ఈ సాధనం మొత్తం పుస్తకాన్ని ఒక్కసారిగా తెచ్చుకోదు. మీరున్న పుటను, దాని ఇరుగుపొరుగు పుటలను మాత్రమే తెస్తుంది. సిగ్నల్ సన్నగా ఉన్నచోట పుట తిప్పిన వెంటనే మళ్లీ తిప్పితే ఒక్కటీ పూర్తిగా రాదు. కొంచెం ఆగాలి. ఆగినా రాకపోతే కారణాన్ని అన్వయవ్యతిరేకాలతో నిర్ణయించుకోవచ్చు. అదే చోట పక్కవారి ఫోనులో ఆ పుస్తకం తెరుచుకొన్నదా? అయితే దోషం మీ ఫోనులోని బ్రౌజరుది. దాన్ని నవీకరించండి, అందులో పేరుకొన్న పాత నిల్వలను తుడిచివేయండి. వారికీ రాలేదా? మీ ఇద్దరి ఫోనుల్లో వేరే పుస్తకం తెరచిచూడండి. అది వస్తే దోషం ఆ ఒక్క పుస్తకానిది. అప్పుడు దాని పి.డి.ఎఫ్. ప్రతిని దింపుకొంటే పని జరగవచ్చు. ఏదీ రాకపోతే సిగ్నలుదో, ఆ భాండాగారానిదో దోషం. మరునాడు చూడటమే మందు. ఆ అమ్మగారి విషయంలో బ్రౌజరే కారణమని తేలింది.

ఫోనులో చదివేవారు రెండు పుటలు పక్కపక్కన చూపే అమరికను మార్చి, ఒక్క పుట చూపే అమరికను ఎంచుకోవాలి. కింది వరుసలో దానికి గుర్తు ఉంటుంది. అక్షరం పెద్దది కావాలంటే అక్కడే ఉన్న, కూడిక గుర్తుగల భూతద్దాన్ని నొక్కాలి. అట్లా నొక్కినప్పుడు సాధనం మరింత స్పష్టమైన చిత్రాన్ని తెప్పిస్తుంది. మొదట మసకగా ఉండి క్షణంలో తేటపడుతుంది. ధకారమో థకారమో నిర్ణయించవలసివస్తే ఆ తేటపడిన తర్వాతే నిర్ణయించాలి. మన గంగాధర దగ్గరి కురిక్యాల బొమ్మలగుట్టపైన, పంపకవి తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దంలో చెక్కించిన శాసనం ఉంది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ అందులో ఉన్నాయి, తెలుగు కందపద్యాలతో సహా. అటువంటి రాతిమీది అక్షరాలు నడిమధ్యాహ్నం కంటే ఏటవాలు ఎండలో బాగా తెలుస్తాయి. తెరకూ అంతే, చూసే పద్ధతినిబట్టి అక్షరం తెలుస్తుంది.

పుటసంఖ్యల గొడవ మరొకటి. “37వ పుట చూడండి” అని నేను చెబితే అవతలివారు వేరే పద్యం చదువుతూ ఉంటారు. పుస్తకంపై ముద్రించిన సంఖ్య వేరు, అట్ట, పీఠిక, ఖాళీ కాగితాలతో కలిపి సాధనం లెక్కించే సంఖ్య వేరు. పుట మారినప్పుడల్లా తెర పైనున్న చిరునామా కూడా మారుతుంది. అందులో సంఖ్యకు ముందు ‘ఎన్’ అనే అక్షరం ఉంటే అది సాధనపు లెక్క అని గుర్తు. ఎవరికైనా ఫలానా పుట చూపదలచుకొంటే సంఖ్య చెప్పవద్దు. ఆ చిరునామానే నకలు తీసి పంపితే వారికి సరిగ్గా అదే పుట తెరుచుకొంటుంది.

ఇక కొత్త పి.డి.ఎఫ్. పుస్తకాల సంగతి. కంప్యూటరుపై కూర్చిన పుస్తకాలు గనుక వీటిలో యంత్రపు ఊహ ఉండదు. అయినా నకలు తీస్తే కొన్నిటిలో తెలుగు బదులు ఆంగ్లాక్షరాలు, చిత్రవిచిత్రమైన గుర్తులు వస్తాయి. అను, శ్రీలిపి వంటి పాత కూర్పు ఖతులలో ఆంగ్లాక్షరాల స్థానాల్లోనే తెలుగు రూపాలను కూర్చోబెట్టడం దీనికి కారణం. వేషం తెలుగు, లోపలి మనిషి వేరు. 1991లో వెలువడిన యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు సొంతంగా కేటాయించారు. ఆ పద్ధతిలో కూర్చినది ఎక్కడికి పోయినా సామాన్యంగా తెలుగుగానే ఉంటుంది. మీ గ్రామ దేవాలయం తరఫున పుస్తకం వేయించేవారు డి.టి.పి. చేసేవారిని రెండు మాటలు అడగండి: యూనికోడ్‌లో కూర్చుతారా, పి.డి.ఎఫ్. చేసేటప్పుడు ఖతిని అందులోనే పొదుగుతారా? రెండవది చేయకపోతే ఇతరుల తెరపై అక్షరాల బదులు డబ్బాలు కనిపించవచ్చు.

ఉట్నూరు వైపు అడవిదారిలో గాని, గుట్టమీది ఆలయాల దగ్గర గాని పారాయణ చేయదలచినవారు ఇంటి దగ్గరే పుస్తకాన్ని దింపుకొని వెళ్లడం మేలు.

మళ్లీ మా శతకం దగ్గరికి వస్తాను. తెలుగు వికీసోర్సులో ఒక మంచి పద్ధతి ఉంది. అక్కడ ఒక పక్క పుట చిత్రం, మరొక పక్క పాఠం ఉంచి, ఒకరు దిద్దిన పుటకు పసుపురంగు, దాన్ని వేరొకరు మళ్లీ సరిచూస్తే ఆకుపచ్చరంగు వేస్తారు. ఎవరూ దిద్దని పుట ఎర్రగా ఉంటుంది. మేము కాగితంమీద అదే పద్ధతి పెట్టుకొన్నాం. అబ్బాయి తెరమీది చిత్రాన్ని పెద్దదిచేసి పద్యం చదువుతాడు, నేను చిత్తుప్రతిని దిద్ది పసుపు చుక్క పెడతాను. మరునాడు నేను తెరముందు కూర్చొని చదువుతాను, అతడు ఆకుపచ్చ చుక్క పెడతాడు. వలపలగిలకను నేటి రూపంలోకి మార్చడం తప్ప పాఠంలో ఏ మార్పూ చేయడం లేదు. దాతగారికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆలస్యానికి నొచ్చుకోలేదు. “ఎన్ని దినాలైనా కానియ్యండి” అన్నారు. ఒకనాటి సాయంత్రం తామే వచ్చి మా పక్కన కూర్చొన్నారు. ఒక పద్యంలో నేను తటపటాయిస్తుంటే, తెర చూడకుండానే, తల్లి చదివిన ఒరవడిలో ఆ పాదం అందించారు. చిత్రం పెద్దదిచేసి చూశాం. వారు చెప్పినదే సరి.

ఇప్పటికి 62 పద్యాలకు ఆకుపచ్చ చుక్కలు పడ్డాయి.