బెరడు వస్త్రం, పూల చొక్కా

పసిఫిక్ మహాసముద్రం నడుమ, అమెరికా పశ్చిమ తీరానికి దాదాపు 3,800 కిలోమీటర్ల దూరంలో హవాయి దీవులున్నాయి. పెద్దవి ఎనిమిది. అన్నీ సముద్రం అడుగు నుంచి పైకి లేచిన అగ్నిపర్వతాలే. ఏడాదిలో చాలా రోజులు ఈశాన్యపు గాలి వీస్తుంది కాబట్టి, ఉష్ణమండలమే అయినా తీరంలో ఒళ్లు మండే ఎండలు ఉండవు. వణికించే చలీ ఉండదు. ఇలాంటి చోట మనిషికి ఒంటిమీద పెద్దగా బట్ట అక్కర్లేదు. అయినా బట్ట తయారీలో హవాయి స్త్రీలు చూపిన పనితనం పసిఫిక్ దీవులన్నిటిలోకీ మిన్న అని చెప్పుకోదగ్గది. ఇప్పుడు ప్రపంచమంతా ఎరిగిన పూల చొక్కా ఆ కథలో చివరి అధ్యాయం మాత్రమే.

సుమారు వెయ్యేళ్ల కిందట దక్షిణాది దీవుల నుంచి జంట పడవల్లో వచ్చినవారు తమ బతుకుకు కావలసిన మొక్కలన్నీ వెంట తెచ్చుకున్నారు. చేమ, అరటి, సీమపనస, పసుపు, నోనీ, వాటితో పాటు వౌకే. ఇది మల్బరీకి దగ్గరి చుట్టం. తూర్పు ఆసియాలో చేతికాగితానికి వాడే బెరడు కూడా దీనిదే. దీవుల్లో గొర్రెలు లేవు, పట్టుపురుగులు లేవు, మగ్గం లేదు. మొగలి జాతి ఆకులతో చాపలు అల్లుకున్నారు. ఒంటిమీదికి బట్టను మాత్రం వౌకే బెరడు నుంచి సాధించుకున్నారు. దాని పేరు కాపా.

కాపా పని తోటలోనే మొదలయ్యేది. మొక్కలను దగ్గరదగ్గరగా నాటి, పక్క చిగుళ్లు వచ్చినవి వచ్చినట్టే గిల్లేసేవారు. కొమ్మ వేస్తే ఆ చోట బెరడులో చిల్లు పడుతుంది, చిల్లు పడితే బట్ట పాడవుతుంది. నిటారుగా ఎదిగిన కాండాలను కోసి, బెరడు వలిచి, పైపొరను గవ్వలతో గీకి, లోపలి నారను నీళ్లలో నానబెట్టేవారు. మొదటి దఫా బాదడం రాతి దిమ్మ మీద, గుండ్రటి కర్రతో. అలా వచ్చిన పట్టీలను ఎండబెట్టి దాచి, తీరిక చూసుకొని మళ్లీ నానవేసి పులియబెట్టేవారు. పులిసిన నార మెత్తబడి ఒకదానిలో ఒకటి కలిసిపోతుంది. రెండో దఫా చెక్క దిమ్మ మీద, నాలుగు పలకల కర్రతో బాదుతుంటే అతుకు కనపడకుండా వెడల్పాటి బట్ట అయ్యేది. ఆ కర్ర పలకల మీద సన్నని గీతలు, గళ్లు చెక్కి ఉండేవి. బాదినకొద్దీ ఆ చెక్కడం నారలోకి దిగి, బట్టను వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే లోలోపలి నమూనాగా కనిపించేది. పులియబెట్టడం, ఈ లోపలి నమూనా, ఈ రెండూ హవాయి కాపాకు ప్రత్యేకం. ఒక లోయలో కాపా బాదే చప్పుడు పక్క ఊళ్లకు వినపడేదని, ఆ చప్పుళ్లతోనే ఆడవాళ్లు కబుర్లు పంపుకునేవారని చెప్పుకుంటారు.

రంగులు వేసే తీరు తెలుగువారికి కొంత తెలిసినట్టే ఉంటుంది. ఓలెనా అంటే మన పసుపు. నోనీ మన తొగరు జాతి చెట్టు. దాని వేరు నుంచి పసుపు రంగు, దానికే సున్నం చేరిస్తే ఎరుపు వస్తుంది. కుకుయి చెట్టు గింజలు కాల్చి తీసిన మసితో నలుపు చేసేవారు. వెదురు బద్దల మీద చెక్కిన అచ్చులతో గీతలూ త్రికోణాలూ అద్దేవారు. మచిలీపట్నంలో కొయ్య అచ్చులు చేసే పనిని అక్కడ వెదురు చేసింది.

మగవారు మొలకు చుట్టుకునేది మాలో, ఆడవారు నడుముకు కట్టేది పావూ, భుజం మీద ముడివేసుకునేది కీహెయ్. రాత్రి కప్పుకోవడానికి పొరలుపొరలుగా కుట్టిన కాపా దుప్పట్లు. కాపా నీళ్లకు తట్టుకోదు, అందుకే ఉతుకుడు లేదు. చిరిగితే కొత్తది చేయాల్సిందే. స్త్రీల పొద్దులో ఎంత భాగం ఇందుకు పోయేదో దీవుల పురాణమే చెబుతుంది. మావి అనే వీరుడి తల్లి హీనా కాపా ఆరబెట్టుకోవాలంటే పొద్దు చాలడం లేదట. అందుకని కొడుకు హలేయాకలా కొండ ఎక్కి, సూర్యుణ్ణి ఉచ్చులతో పట్టి, నెమ్మదిగా నడుస్తానని మాట తీసుకున్నాడట. బట్ట కోసం సూర్యుణ్ణే ఆపిన కథ ఇది. దొరలకు మాత్రం పక్షి ఈకల అంగీలు ఉండేవి. మామో, ఓఓ పక్షుల పసుపు ఈకలను వలమీద ముడివేసి చేసినవి. కమేహమేహా రాజు ధరించిన పసుపు అంగీ హొనొలులులోని బిషప్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. ఆ పక్షులే లేవు, అంతరించాయి.

1778లో కెప్టెన్ కుక్ ఓడలు వచ్చాక దీవుల్లోకి నేత బట్ట దిగింది. 1820లో బోస్టన్ నుంచి వచ్చిన క్రైస్తవ ప్రచారకుల ఓడ మీదికి రాజకుటుంబ స్త్రీలు తెల్లబట్టతో వచ్చి, తమకూ అలాంటి గౌను కుట్టమన్నారు. ఆ డెక్కు మీదే కుట్టుపని సాగింది. నడుము బిగించే అమెరికా కత్తిరింపు అక్కడి ఉక్కకూ, రాణుల నిండైన ఒంటికీ సరిపడలేదు. అందుకని ఛాతీ పైన పట్టీ పెట్టి, కిందికంతా వదులుగా జారే హోలోకూ పుట్టింది. దాని లోపల వేసుకునే పొట్టి చేతుల మూమూ కాలక్రమంలో బయటి దుస్తు అయింది; నేటికీ హవాయి స్త్రీల పండుగ దుస్తు అదే. మిషనరీలే మొత్తం తొడిగించారని అనుకోవడం పొరపాటు. గౌనును తమ ఒంటికీ గాలికీ తగ్గట్టు మార్పించుకున్నది హవాయి స్త్రీలే. కాపా మాత్రం ఓడిపోయింది. ఉతకగలిగే నూలు బట్ట దొరుకుతుంటే బెరడు బాదేవారు తగ్గారు. 19వ శతాబ్దం ముగిసేసరికి ఆ విద్య దాదాపు ఆగిపోయింది.

తరువాతి మార్పు చెరకు తోటల నుంచి వచ్చింది. చైనా, జపాన్, పోర్చుగల్, ఫిలిప్పీన్స్ కూలీలు దీవులకు తరలివచ్చారు. చెరకు ఆకు కత్తిలా కోస్తుంది కాబట్టి జపాన్ స్త్రీలు చేతులూ కాళ్లూ ముఖమూ కప్పుకొని పొలంలోకి దిగేవారు. మగవారికి పలాకా అనే నీలం-తెలుపు గళ్ల దళసరి నూలు చొక్కా నిలిచింది. పలాకాను ఏ ఒక్క జాతీ తనదనలేదు, తోటలో పనిచేసిన అందరిదీ అయింది. పూల చొక్కా కన్నా ముందు హవాయి చొక్కా అనదగినది ఇదే.

పూల చొక్కా 1930లలో హొనొలులు దర్జీ దుకాణాల్లో పుట్టింది. జపాన్ నుంచి కిమోనోల కోసం వచ్చే అచ్చుగుడ్డతో పిల్లలకు, కుర్రాళ్లకు చొక్కాలు కుట్టడం అప్పటికే ఉంది. ఫిలిప్పినోలు చొక్కాను బయటికి వదిలి వేసుకునేవారు. మూసాషియా అనే జపనీస్ దర్జీ దుకాణం 1935 జూన్‌లో పత్రికలో వీటినే అలోహా చొక్కాలంటూ, 95 సెంట్లు మొదలు అని ప్రకటన ఇచ్చింది. హొనొలులులోనే తండ్రి దుకాణం చూసుకుంటున్న చైనా మూలాల యువకుడు ఎల్లరీ చున్ వాటిని కొలతలవారీగా ముందే కుట్టించి అమ్మాడు, 1936–37లో ఆ పేరును వ్యాపార చిహ్నంగా నమోదు చేయించుకున్నాడు. మొదట ఎవరు చేశారన్న వాదన ఇంకా తెగలేదు, తెగకపోయినా నష్టం లేదు. జపాన్ గుడ్డ, చైనా వ్యాపారం, ఫిలిప్పీన్స్ అలవాటు, అమెరికా కాలరు ఒకే వీధిలో కలిశాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ గుడ్డ ఆగిపోయింది. దానితో చెర్రీపూలు, కొంగలు, ఫ్యూజీ కొండ స్థానంలో సీమపనస ఆకులు, మందారాలు, తాటాకు పాకలు, అలల మీద తేలే పడవలు వచ్చాయి. యుద్ధం ముగిశాక సైనికులు, యాత్రికులు ఆ చొక్కాలను అమెరికాకు మోసుకెళ్లారు. అప్పుడు రాజ్యమేలింది రేయాన్. నున్నగా జారుతుంది, రంగు లోతుగా పడుతుంది. 1948లో వ్యాపారం మొదలుపెట్టిన ఆల్‌ఫ్రెడ్ షహీన్ గుడ్డ కోసం బయటివారి మీద ఆధారపడటం ఇష్టంలేక దీవిలోనే అద్దకం పెట్టాడు. తన చిత్రకారులను పాత కాపా నమూనాలు, ఆసియా కళలు చదవమన్నాడు. 1959 నాటికి ఆయన దగ్గర 400 మంది పనిచేసేవారు. 1961లో బ్లూ హవాయి పాటల రికార్డు అట్ట మీద గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ వేసుకున్న ఎర్ర చొక్కా షహీన్‌దే.

మంచి అలోహా చొక్కా కుట్టడం చూసినంత తేలిక కాదు. కాలరు తెరిచి పరిచేది, అంచు నేరుగా ఉండేది. ప్యాంటులోకి దోపకుండా వేసుకోవడానికే ఆ కత్తిరింపు. ఛాతీ మీది జేబును కింది గుడ్డలోని బొమ్మతో సరిగ్గా కలిసేలా కోయాలి. పువ్వు సగం జేబు మీద, సగం బయట ఉన్నా రేకు తెగకూడదు. ముందరి రెండు భాగాలూ గుండీ పెట్టగానే ఒకే బొమ్మ కావాలి. ఇందుకు గుడ్డ ఎక్కువ పోతుంది, కత్తిరించే మనిషికి నేర్పు కావాలి. గుండీలు కొబ్బరి చిప్పవో వెదురువో. రంగులు మరీ కొట్టొచ్చినట్టు ఉన్నాయని 1960లలో రెయిన్ స్పూనర్ సంస్థ గుడ్డను తిరగేసి కుట్టింది. వెలిసినట్టుండే ఆ చొక్కాలు ఆఫీసులకు సరిపోయాయి.

ఆఫీసులోకి అడుగుపెట్టడానికి అలోహా చొక్కా చాలా కాలం వేచి చూసింది. ఉక్కలో కోటూ టై ఎందుకన్న వాదన 1940లలోనే మొదలైంది. 1962లో దుస్తుల తయారీదారుల సంఘం హవాయి రాష్ట్ర శాసనసభ్యులందరికీ తలా రెండు చొక్కాలు పంచింది. 1966 నుంచి శుక్రవారాలు అలోహా చొక్కా రోజులయ్యాయి. ఆ ఆచారమే అమెరికా ఆఫీసుల్లో శుక్రవారపు సాదా దుస్తులకు దారి తీసిందని చాలామంది అంటారు. నేడు హవాయిలో బ్యాంకు ఉద్యోగి నుంచి పెళ్లికొడుకు దాకా, చివరికి అంత్యక్రియలకు వచ్చేవారి దాకా అందరికీ అది మర్యాద దుస్తే.

చొక్కా మీద కనిపించేదంతా హవాయి సొంతం కాదు. దేవగన్నేరు 19వ శతాబ్దంలో వచ్చింది. అనాస కూడా బయటిదే. అక్కడ పికాకే అని పిలుచుకునే పువ్వు మన మల్లె. రాష్ట్ర పుష్పమైన స్థానిక పసుపు మందారం అడవుల్లో అరుదైపోయింది. ఇది గమనించిన చిత్రకారుడు సిగ్ జేన్ 1985లో హీలో పట్టణంలో దుకాణం తెరిచి, స్థానిక మొక్కలనూ వాటి వెనుక ఉన్న హూలా నృత్య సంప్రదాయాన్నీ గుడ్డ మీదికి తెచ్చాడు. వెదురు అచ్చుల నమూనాలు కూడా కొత్తతరం దుస్తుల్లోకి తిరిగొచ్చాయి.

కాపా కూడా లేచి నిలబడింది. 1970ల నుంచి పువానానీ వాన్ డోర్ప్ వంటివారు పాత ముక్కలను పరిశీలించి, ప్రయోగాలు చేసి విద్యను మళ్లీ నేర్చుకున్నారు. మావి దీవిలో హోనోకహువా దగ్గర హోటల్ కట్టడానికి తవ్వుతుంటే వెయ్యికి పైగా పూర్వీకుల అస్థికలు బయటపడ్డాయి. ప్రజల నిరసనతో నిర్మాణం పక్కకు జరిగింది. ఆ అస్థికలను తిరిగి భూమిలో పెట్టేందుకు వాన్ డోర్ప్ తోటి స్త్రీలతో కలిసి ఒక్కొక్కరికీ కాపా చేసి చుట్టబెట్టింది. 2011లో హీలోలో జరిగిన మెర్రీ మోనార్క్ హూలా ఉత్సవంలో నర్తకులు చేతితో చేసిన కాపా కట్టుకొని ఆడారు.

హవాయి పేరుతో అమ్ముడయ్యే చొక్కాల్లో చాలా భాగం ఇప్పుడు వేరే దేశాల్లో కుట్టినవే. కొనేవారు మెడ దగ్గరి చీటీ చదవాలి, జేబు మీద బొమ్మ కలిసిందో లేదో చూడాలి, అందులోని ఆకు ఏ చెట్టుదో అడగాలి. జవాబు చెప్పగలిగిన దుకాణంలోనే కొనడం మంచిది.