పట్టికలో కులం సరే, శాఖ ఏది?

కొత్త మంత్రివర్గం ప్రమాణ స్వీకారం చేసిన మర్నాడు మన పత్రికల్లో ఒక పట్టిక కనిపిస్తుంది. ఏ కులానికి ఎన్ని పదవులు, ఏ జిల్లాకు ఎన్ని, మహిళలెందరు? ఆ పట్టికను నేనూ శ్రద్ధగానే చదువుతాను. అది అనవసరమనే వారితో ఏకీభవించను. లెక్క అడగడం మానేస్తే లాభపడేదెవరో మనకు తెలుసు. కాని అందులో సాధారణంగా లేని గడి ఒకటుంది: ఎవరికి ఏ శాఖ దక్కింది, ఆ శాఖ చేతిలో ఎంత అధికారం, ఎంత ఖజానా ఉన్నాయి? ఈ ప్రశ్న మనసులో మెదిలినప్పుడల్లా నాకు 2006 నాటి బొలీవియా గుర్తొస్తుంది.

2001 జనాభా లెక్కల్లో వయోజనుల్లో సుమారు 62 శాతం మంది తాము మూలవాసులమని చెప్పుకున్న దేశమది. 1952 విప్లవం దాకా అక్కడ నిరక్షరాస్యులకు ఓటు లేదు. అంటే మూలవాసుల్లో అత్యధికులకు లేదన్నమాట. లాపాజ్ నగరంలో అధ్యక్ష భవనం ఎదుటి మురియో కూడలిలో వారు అడుగుపెట్టడానికి వీల్లేదు. కొన్ని వీధుల్లో చెప్పులు విడిచి నడవాల్సి వచ్చిన చరిత్ర తెలిసిన మనకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. కోకా రైతుల సంఘం నాయకుడు, ఐమారా తెగకు చెందిన ఈవో మొరాలెస్ దాదాపు 54 శాతం ఓట్లతో గెలిచి, 2006 జనవరి 22న ఆ కూడలి మీదుగానే అధికారంలోకి వచ్చారు.

మర్నాడు ప్రకటించిన మంత్రివర్గంలో న్యాయశాఖ కాసిమిరా రొద్రీగెస్‌కు దక్కింది. ఆమె కెచువా మహిళ. పదమూడేళ్ల వయసులో కొచబాంబా నగరంలోని ఒక ఇంటికి పనికి వెళ్లి, రెండేళ్లు జీతం లేకుండా చాకిరీ చేశారు. తర్వాత ఇంటిపని కార్మికుల జాతీయ సమాఖ్యను నిర్మించి, ఏళ్ల తరబడి పోరాడి 2003లో చట్టం సాధించారు. బయటి నుంచి వచ్చి పనిచేసేవారికి రోజుకు ఎనిమిది గంటలు, యజమాని ఇంట్లోనే ఉండేవారికి పది గంటలు అని పనివేళలు నిర్ణయించిన చట్టమది. అలాంటి మనిషికి న్యాయశాస్త్ర పట్టా లేదని న్యాయవాద వర్గాలు ఆక్షేపించాయి. ‘ప్రతిభ’ అనే మాట ఏ భాషలోనైనా ఒకే సమయానికి గుర్తొస్తుంది కాబోలు!

విదేశాంగ శాఖను ఐమారా వ్యక్తి డేవిడ్ చోకెహువాంకాకు ఇచ్చారు. నీటి కోసం పోరాడిన ఎల్ ఆల్టో బస్తీల సంఘాల నాయకుడు ఆబెల్ మామాని కొత్తగా ఏర్పడిన జలశాఖకు మంత్రి అయ్యారు. అయితే ఆ ఏడాది మే 1న జాతీయం చేసిన సహజవాయువు ఎవరి శాఖ? పాత్రికేయుడు, న్యాయవాది అయిన ఆంద్రెస్ సోలిస్ రాదాది. ఆర్థిక శాఖ? కేంద్ర బ్యాంకులో పనిచేసిన లూయిస్ ఆర్సేది. వారి చిత్తశుద్ధిని నేను శంకించడం లేదు. ఉద్యమాల నుంచి వచ్చిన మూలవాసులకు గౌరవం, నీరు, న్యాయం దక్కాయి; ఖజానా తాళం మాత్రం చదువుకున్న నగర మధ్యతరగతి చేతిలోనే ఉండిపోయింది.

మన అనుభవం ఇంతకన్నా కటువైనది. 1947 మంత్రివర్గంలో అంబేద్కర్‌కు న్యాయశాఖ, జగ్జీవన్ రామ్‌కు కార్మిక శాఖ ఇచ్చారు. అర్థశాస్త్రంలో డాక్టరేట్లు పొందిన అంబేద్కర్ ప్రణాళికా శాఖను కోరారు, ఇవ్వలేదు. కీలకమైన మంత్రివర్గ ఉపసంఘాల్లోకీ తీసుకోలేదు. 1951 రాజీనామా ప్రకటనలో హిందూ కోడ్ బిల్లుతో పాటు ఆయన ఈ మాటా చెప్పారు. మనం మొదటిదాన్నే గుర్తుపెట్టుకున్నాం. 1964లో కేంద్రంలో చేరిన మన దామోదరం సంజీవయ్యకూ కార్మిక శాఖే ముందుగా దక్కింది. 1971 యుద్ధ కాలంలో రక్షణ శాఖను నడిపిన జగ్జీవన్ రామ్ ఈ వరుసను తప్పించిన మాట నిజమే. కాని కేంద్ర ఆర్థిక శాఖకు ఇంతవరకు దళితులెవరూ మంత్రి కాలేదు.

కాసిమిరా పదవిలో ఉన్నది ఏడాదే. 2007 జనవరి మార్పుల్లో ఆమెను తప్పించారు. చోకెహువాంకా, ఆర్సే 2017 దాకా కొనసాగారు. అయినా ఆమె పదవికి ముందే సాధించిన చట్టం నిలిచింది. మన నగరాల్లో అంట్లు తోమి, గదులు తుడిచే లక్షలాది మహిళలకు అలాంటి సమగ్ర కేంద్ర చట్టం నేటికీ లేదు. వారిలో దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల వారెందరో వేరే చెప్పాలా? ఇంటిపని కార్మికుల హక్కులపై 2011లో వచ్చిన అంతర్జాతీయ ఒడంబడికను బొలీవియా ఆమోదించింది, మనం ఆమోదించలేదు.