పాట అందరిదైతే పేరు ఎవరిది?

అభిమాన గాయకుడి కొత్త పాట వస్తున్నదంటే విశ్వవిద్యాలయ హాస్టళ్లలో మొదలయ్యే సంబరాన్ని పెద్దలు తేలికగా తీసిపారేస్తారు. పనిలేని పిల్లల కాలక్షేపమని వారి భావన. కానీ ఒక తరం ఎవరి గొంతు కోసం ఎదురుచూస్తున్నదో గమనిస్తే ఆ తరం రాజకీయం తెలుస్తుంది. తమిళ ర్యాప్ గాయకుడు అరివు పాట విడుదలైన రోజున, తమిళం రాని తెలుగు దళిత బహుజన విద్యార్థులు కూడా దాని అర్థం ఒకరినొకరు అడిగి తెలుసుకుంటున్నారంటే, వారు వింటున్నది కేవలం ఒక బాణీని కాదు. తమ అవ్వలు తాతలు పాడుకున్న పాట వేదిక మీదికి తలెత్తుకుని రావడాన్ని వారు వింటున్నారు. ఆ ఉత్సాహానికి గౌరవం ఉన్నది. దానికి ఒక బాధ్యత కూడా ఉన్నది.

రేణిగుంట నుంచి చెన్నై వెళ్లే రైలు దారిలో వచ్చే అరక్కోణం అరివు స్వస్థలం. దర్శకుడు పా. రంజిత్ చొరవతో ఏర్పడి, 2018 జనవరిలో చెన్నైలో తొలి ప్రదర్శన ఇచ్చిన 'క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' బృందం ద్వారా ఆయన లోకానికి తెలిశారు. కులభేదం లేని తమిళులు అన్న అయోతీదాస్ పండితుని భావన నుంచి ఆ బృందం తన పేరును తీసుకున్నది. చావు ఇళ్లకే పరిమితం చేసిన పఱై వాద్యాన్ని గిటారు పక్కన నిలబెట్టింది. ఆ వాద్యం పేరే ఒక కులానికి పేరై, ఆంగ్లంలోకి వెళ్లి 'వెలివేయబడినవాడు' అనే అర్థంలో స్థిరపడింది. కాబట్టి పఱై మీద పడే ప్రతి దెబ్బా నిఘంటువు మీద కూడా పడుతుంది. మన డప్పు చరిత్ర దీనికి భిన్నమైనదేమీ కాదు.

2021 మార్చిలో ధీ, అరివు కలిసి పాడిన 'ఎంజాయ్ ఎంజామి' విడుదలైంది. సంతోష్ నారాయణన్ సంగీత నిర్మాణం వహించారు. కోట్లమంది విన్నారు, పెళ్లి ఊరేగింపుల్లో చిందులు వేశారు. అయితే ఆ పాట వేర్లు చావు ఇంటి శోకంలో, తమిళులు ఒప్పారి అని పిలిచే ఏడ్పుపాటలో ఉన్నాయి. అరివు అవ్వ వల్లియమ్మ శ్రీలంక తేయాకు తోటల్లో కూలి చేసి తిరిగివచ్చిన మనిషి. ఆ తోటల వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. 1964లో భారత, శ్రీలంక ప్రధానులు చేసుకున్న ఒప్పందం ప్రకారం 5,25,000 మందిని భారతదేశం, 3,00,000 మందిని శ్రీలంక తీసుకోవాలని లెక్క కట్టారు. తరాల తరబడి కొండలను తోటలుగా మార్చిన కూలీలను రెండు ప్రభుత్వాలు బస్తాల్లాగా పంచుకున్నాయి. సాగుచేసిన నేల మీద హక్కు లేదు, వచ్చిచేరిన నేల మీద చోటు లేదు. 'ఎంజామి' అంటే 'నా సామీ' అని. భూమిలేని కూలీ భూస్వామిని పిలిచిన ఆ పిలుపునే అవ్వ తన మనవడికి ముద్దుపేరుగా పెట్టుకున్నది. దాస్యపు మాట ప్రేమ మాటగా మారిన ఆ మలుపే పాటకు ప్రాణం.

ఆ తరువాత జరిగింది అభిమానులు మరచిపోరాదు. 2021 ఆగస్టులో 'రోలింగ్ స్టోన్ ఇండియా' పత్రిక ముఖచిత్రంపై ధీ, షాన్ విన్సెంట్ డి పాల్ కనిపించారు. 'ఎంజాయ్ ఎంజామి', 'నీయే ఒళి' పాటల విజయమే సందర్భం. రెండింటికీ సాహిత్యం అందించిన అరివు ఆ బొమ్మలో లేరు. పా. రంజిత్ నిలదీశారు, అభిమానులు ఊరుకోలేదు, పత్రిక అరివుతో మరో ముఖచిత్రం వెలువరించింది. 2022 జూలైలో చెన్నై చెస్ ఒలింపియాడ్ ప్రారంభ వేదికపై అదే పాట అరివు లేకుండా వినిపించింది. మాటలూ బాణీ తన కష్టమేనని అరివు బహిరంగంగా రాశారు. అది ఉమ్మడి సృష్టి అనీ, ఆ సమయంలో అరివు అమెరికాలో ఉన్నారనీ, ఆయనను తప్పించలేదనీ సంతోష్ నారాయణన్ బదులిచ్చారు. 2024 మార్చిలో ఆ సంగీత దర్శకుడే, ఆ పాట మీద తమలో ఎవరికీ ఒక్క పైసా కూడా అందలేదని వెల్లడించారు.

ఇందులో ఎవరి దురుద్దేశాన్నీ రుజువు చేయవలసిన అవసరం లేదు. కులం పనిచేయడానికి దురుద్దేశం అక్కర్లేదు, అలవాటు చాలు. ఎవరి ముఖం అట్ట మీద బాగుంటుందో, ఎవరు లేకపోయినా కార్యక్రమం నడిచిపోతుందో నిర్ణయించే అలవాటు అది. కులం శ్రమను మాత్రమే కాక శ్రామికులను కూడా విభజిస్తుందని 1936లోనే అంబేడ్కర్ చెప్పారు. సంగీతంలోనూ ఆ విభజన ఉన్నది. శోకించే పని ఒకరిది, తోలు వాయించే పని ఒకరిది, 'కళాకారుడు' అన్న హోదా మరొకరిది.

చట్టం ఏమంటున్నది? కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ గీత రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో సమాన వాటా ఇచ్చింది. ఆ వాటాను నిర్మాతకు రాసివ్వడానికి వీలులేదని కూడా చెప్పింది. ప్రదర్శకుడికి తన పేరు చెప్పించుకునే హక్కును గుర్తించింది. మంచిదే. కానీ ఆ చట్టానికి ఒక కర్త కావాలి, ఒక తేదీ కావాలి, ఒక కాగితం కావాలి. నాట్లు వేస్తూ, శవం ముందు కూర్చుని పాడిన స్త్రీల వద్ద ఇవేవీ లేవు. వారి బాణీ 'జానపదం' అనే ఒక్క మాటలో ఇంకిపోతుంది. ఎవరూ యజమాని కాని ఆస్తి, ముందుగా రికార్డు చేసినవారి ఆస్తి అవుతుంది. ఊరి పోరంబోకు భూమి పెద్ద రైతు పట్టాలోకి చేరినట్లే ఇదీ.

తెలుగు నేల మీద దర్శనం మొగులయ్య కథ చూడండి. మాదిగల పురాణాన్ని, వంశగాథలను చెప్పే డక్కలి కులం నుంచి వచ్చిన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడాయన. 2021 సెప్టెంబరులో 'భీమ్లా నాయక్' పాట ఆయన గొంతుతో మొదలైనప్పుడు పవన్ కల్యాణ్ అభిమానులు ఊగిపోయారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024లో అదే మనిషి హైదరాబాద్ శివారులో భవన నిర్మాణ కూలీగా పనిచేస్తున్నారని పత్రికలు రాశాయి. తమకు అంత ఉత్సాహమిచ్చిన గొంతుకు నెలనెలా ఏమి ముడుతున్నదని అడిగిన అభిమాన సంఘం ఏది? పురస్కారం ఒక రోజు గౌరవం, వాటా జీవితకాలపు హక్కు. మనం మొదటిదానికి చప్పట్లు కొట్టి రెండవదాని గురించి అడగలేదు.

పాట అందరిదీ, అందులోకి కులాన్ని ఎందుకు లాగుతారని కొందరు అడుగుతారు. వినడానికి పాట అందరిదే. కానీ పాట 'అందరిదీ' అనే ఉదారత, పేర్లు రాసేటప్పుడు, చెక్కులు రాసేటప్పుడు ఎందుకు కనిపించదు? కులాన్ని పాటలోకి తెచ్చింది ప్రశ్నించేవారు కాదు. పాడే పనిని పుట్టుకతో కట్టబెట్టిన వ్యవస్థే తెచ్చింది.

ఈ ప్రశ్న అభిమాన గాయకుడిని కూడా వదలదు, వదలకూడదు. ఒప్పారి ఒక్క అరివు సొత్తు కాదు. దాన్ని నిలబెట్టింది పేరులేని వేలాది వల్లియమ్మలు. 2024లో ఆయన తన ఆల్బమ్‌కు 'వల్లియమ్మ పేరాండి', అంటే వల్లియమ్మ మనవడు, అని పేరు పెట్టడంలో ఆ ఎరుక ఉన్నది. తన సంతకానికి ముందు అవ్వ పేరు రాసిన కళాకారుడు, కర్తృత్వం అంటే ఏమిటో చట్టం కంటే బాగా చెప్పాడు.

కొత్త పాట వచ్చినప్పుడు సంబరపడండి. ఎన్ని లక్షల మంది చూశారో లెక్కించే వేళ్లతోనే మరికొన్ని లెక్కలూ తీయండి. రాసిందెవరు, బాణీ ఏ పొలంలో ఏ ఇంటిలో పుట్టింది, డప్పు వాయించినవారి పేరు ఎందుకు లేదు, రాయల్టీ ఎవరికి చేరుతున్నది? 2021లో ఒక పత్రిక రెండో ముఖచిత్రం వేసిందంటే అది అభిమానులు అడిగినందువల్లే. అడిగితే అట్ట మారింది. అడుగుతూ ఉంటే ఒప్పంద పత్రాలు కూడా మారతాయి.