కంపెనీ బెంగళూరు, రూమ్ వైజాగ్, ఇల్లు గోదారి ఒడ్డు: రిమోట్ జాబ్ అసలు లెక్క

భద్రాచలం, చర్ల, చింతూరు వైపు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "అన్నా, కంపెనీ బెంగళూరులో ఉంది, జాబ్ రిమోట్ అంటున్నావ్. మరి వైజాగ్‌లో అద్దె ఎందుకు కడుతున్నావ్? ఇంటికాడ కూర్చొని చేసుకోవచ్చు కదా?" మంచి ప్రశ్నే. ఈ ఎపిసోడ్‌లో దాని లెక్క మొత్తం చెప్తా.

మాది దుమ్ముగూడెం మండలంలో గోదారి ఒడ్డు ఊరు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తా. రోజూ రెండు మూడు వీడియో మీటింగులు ఉంటాయి.

ముందు నెట్ సంగతి. గ్రూప్ వీడియో కాల్‌కి గంటకి సుమారు 1 జీబీ పోతుంది. అంటే రోజుకి 2 జీబీ ప్యాక్ రెండు గంటల్లో ఖతం. ఇంకోటి, స్పీడ్ టెస్ట్ చేసినప్పుడు అందరం డౌన్‌లోడే చూస్తాం. మీ గొంతు, మీ స్క్రీన్ అవతలివాళ్ళకి చేరేది అప్‌లోడ్ మీద. యూట్యూబ్ బాగా ఆడుతుంది కదా అని మీటింగ్ కూడా బాగా నడుస్తుందనుకోకండి.

అయితే అసలు చిక్కు స్పీడ్ కాదు. అడవి అంచు ఊళ్ళలో చాలాచోట్ల ఉండేది ఒక్క టవరే. కరెంటు పోయిందంటే ముందు ఇంట్లో ఫ్యాన్ ఆగుతుంది. కాసేపటికి టవర్ బ్యాటరీ కూడా అయిపోతుంది. అప్పుడు కరెంటు, నెట్ రెండూ ఒకేసారి పోయినట్టే. రిమోట్ జాబ్‌కి కావాల్సింది ఒకటి పోతే ఇంకోటి పనిచేయడం.

వైజాగ్‌లో నాకు దొరికింది అదే. మధురవాడలో సింగిల్ రూమ్‌కి అద్దె 8 వేలు. ఒక కంపెనీ ఫైబర్ నెట్, ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్. రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టా, కరెంటు పోయినా మూడు గంటలు లాగుతుంది. ఇదంతా ఉంటేనే మేనేజర్‌కి "లైన్లో ఉంటా" అని ధైర్యంగా చెప్పగలను. బీచ్ పక్కన రూమ్ తీసుకుందామని అందరికీ ఉంటుంది గానీ, ఉప్పు గాలికి లాప్‌టాప్ పోర్టులు, చార్జర్ పిన్నులు త్వరగా తుప్పు పడతాయి. కొంచెం లోపలికి ఉండటమే మంచిది.

మరి వైజాగ్‌కి ప్రమాదం లేదా? ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా ఈ సిటీ మీదికే వచ్చింది. కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. ఇక్కడే ఒక విషయం గమనించండి. మన గోదారి వరద ముఖ్యంగా జూలై నుంచి సెప్టెంబర్ దాకా. బంగాళాఖాతం తుఫాన్లు ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. రెండింటి క్యాలెండర్ వేరు. ఉద్యోగం ఒక్కటే చూసుకుంటే వానాకాలం వైజాగ్‌లో, తుఫాన్ల టైమ్‌లో ఇంటి దగ్గర ఉండాలి.

కానీ జీవితం ఉద్యోగం ఒక్కటే కాదు కదా. ఉద్యోగానికి ఇల్లు పనికిరాని నెలల్లోనే ఇంటికి మన అవసరం ఎక్కువ. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకి వచ్చింది. 1986లో 75.6 అడుగులు వచ్చాక మళ్ళీ అంత నీళ్ళు అప్పుడే. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అలాంటి రోజున వైజాగ్ నుంచి రాజమండ్రి, మారేడుమిల్లి ఘాట్ దాటి వచ్చినా, శబరి పొంగితే చింతూరు దగ్గరే ఆగిపోతాం. జీతం అకౌంట్లో ఉంటుంది, అమ్మ నీళ్ళకి అవతల ఉంటుంది. ఫోన్ కూడా కలవదు. రిమోట్ జాబ్ అంటే ఎక్కడినుంచైనా పనిచేయొచ్చు అంటారు. ఎక్కడికైనా చేరుకోవచ్చు అని మాత్రం ఎవరూ అనరు.

అందుకే నేను కొన్ని రూల్స్ పెట్టుకున్నా. సంవత్సరం లీవుల్లో సగం జూలై, ఆగస్టు కోసం దాచిపెడతా. జూన్‌లోనే మేనేజర్‌కి విషయం చెప్తా. భద్రాచలంలో మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. మూడోదాకా ఆగితే రోడ్డు ఉండదు. పైన పేరూరు దగ్గర మట్టం పెరుగుతోందని వార్త వస్తే చాలు, ఆ నీళ్ళు తర్వాత మన దగ్గరికే వస్తాయి. 43 దాటకముందే నేను బయల్దేరతా, అమ్మని కొత్తగూడెంలో పెద్దమ్మ ఇంటికి చేరుస్తా. అమ్మ మొదట "మేకల్ని వదిలేసి ఎట్లా వస్తారా?" అంటది. అందుకే మేకల్ని ఎత్తు మీద ఎవరింట్లో కట్టాలో కూడా ముందే మాట్లాడి పెట్టా. పెద్దమ్మ ఇంట్లో నెట్ బాగుంటుంది, అక్కడినుంచే పని చేస్తా.

కాబట్టి రిమోట్ ఆఫర్ వస్తే జీతం ఒక్కటే చూడకండి. కరెంటు పోతే ఏం చేస్తారు, రెండో నెట్ ఉందా, ఇంటికి రోడ్డు ఎన్ని నెలలు ఖాయం, ఇంట్లోవాళ్ళకి అవసరమైతే ఎన్ని గంటల్లో చేరతారు? ఈ నాలుగూ పేపర్ మీద రాసుకోండి. అప్పుడు ఊరా, వైజాగా అన్నది మీకే తెలిసిపోతుంది.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా జాగ్రత్త.