పట్టా లేని అతిథి

కలకత్తా విశ్వవిద్యాలయం 1857లో వెలసింది. మరుసటి సంవత్సరమే అక్కడ తొలి బి.ఎ. పట్టాలు అందుకొన్నవారు ఇద్దరు. వారిలో ఒకరు బంకించంద్ర చటర్జీ. పట్టభద్రుల సంఖ్య పెరిగిన మీదట, ఏటా ఒకచోట కలుసుకోవాలన్న సంకల్పం వారిలో కలిగింది. 1870లలో సాగిన ఆ పూర్వవిద్యార్థి సమ్మేళనాలకు చంద్రనాథ్ బసు ప్రధాన సారథి.

అక్కడ చదువుకోని ఒక బాలుడికి సైతం సభలో పద్యం చదవవలసిందిగా పిలుపు వచ్చింది. అతడే రవీంద్రనాథ్ టాగూరు. బంకించంద్రుణ్ణి అతడు తొలిసారి చూసింది ఆ సందడిలోనే. ఒక పండితుని శ్లోకవ్యాఖ్యానం కొంత మోటుగా మారగానే, బంకిం అరచేతితో ముఖం కప్పుకొని వడివడిగా అవతలికి వెళ్ళిపోయాడు. ఆ దృశ్యాన్ని టాగూరు 1912లో వెలువడిన తన జీవనస్మృతిలో సైతం మరువక చెప్పాడు.

టాగూరు ఏ పరీక్షా రాసి పట్టా పొందలేదు. అయినా 1913లో అదే విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటునిచ్చి తనవానిగా చేసుకొన్నది. నాటి సమ్మేళనానికి వేదికైన మరకతకుంజం నేడు ఆయన పేరిట నెలకొన్న రవీంద్రభారతి విశ్వవిద్యాలయానికి ప్రాంగణం.