పరిశోధన ఇంటి గడప తొక్కినప్పుడు – అనంతగిరి గాలి, క్షయవ్యాధి

వికారాబాదు సమీపాన గల అనంతగిరి అనగానే అనంతపద్మనాభస్వామి ఆలయం, మూసీనది పుట్టుక, వనమూలికలు స్మరణకు వస్తాయి. వాటితో పాటు పెద్దలు తలచుకునేది అచ్చటి నిజాం కాలం నాటి క్షయ చికిత్సాలయం. మూలికల మీదుగా వీచే గాలి రొమ్ముకు మేలు చేస్తుందని ఆనాటి విశ్వాసం. మందులు లేని ఆ రోజులలో గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం తప్ప వైద్యులకు సైతం వేరొక ఆధారం లేదు. చరకుడు కూడా రాజయక్ష్మకు పాలు, మాంసరసం వంటి బలవర్ధకాహారాన్నే విధించాడు.

1956లో మద్రాసులో ఆరంభమైన క్షయ పరిశోధనా కేంద్రం ఈ విశ్వాసాన్ని పరీక్షకు పెట్టింది. సుమారు 190 మంది పేద రోగులలో సగం మందిని శానిటోరియంలో ఉంచి, తక్కినవారికి ఇంటివద్దనే 12 నెలలు అవే మందులు ఇచ్చారు. ఇంటివద్ద ఉన్నవారివి ఇరుకు గదులు, చాలీచాలని తిండి. అయినను ఇరువురికీ దాదాపు ఒకే విధంగా నయమైంది. ఇంటిలోని తక్కినవారికి వ్యాధి సోకడమూ అధికం కాలేదు.

ఈ ఫలితం 1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఆంగ్లంలో వెలువడింది. దేశదేశాల వైద్యులు చదివి తమ పద్ధతులు మార్చుకున్నారు. మరి రోగి తల్లికి, భార్యకు ఆ సంగతి ఎవరు చెప్పారు? కేంద్రం సిబ్బంది చెప్పకుండా ఇంటికి వచ్చి మాత్రలు లెక్కించేవారు, మూత్రం పరీక్షించేవారు. దగ్గు తగ్గినా మందు ఎందుకు మానరాదో ఇంటివారికి తెలిసినది ఇటువంటి రాకపోకల వలననే. నా దృష్టిలో ఆ పరిశోధకులు చేసిన ప్రచురణలలో ఇదియే గొప్పది! అయితే అది ఆ కొద్ది ఇళ్ళకే పరిమితమైంది. నేటికీ మన ఇళ్ళలో క్షయరోగికి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టడం చూస్తున్నాము. వ్యాధి వ్యాపించేది గాలి ద్వారా, కంచం ద్వారా కాదు. పెళ్ళి సంబంధం చెడునని రోగాన్ని దాచి, రెండు నెలలకే మాత్రలు మానివేసేవారూ ఉన్నారు. అట్టివారిలో వ్యాధి మందులకు లొంగని స్థితికి చేరవచ్చును.

2023లో జార్ఖండ్ పరిశోధన ఒకటి వెలువడింది. రోగి కుటుంబంలోని ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇవ్వగా, వారిలో క్షయ సుమారు 40 శాతం తగ్గింది. దీనిని కేలరీలలో, ప్రోటీన్లలో చెప్పినచో ఎందరికి బోధపడుతుంది? కిలోన్నర పప్పు అంటే కందికి పేరొందిన తాండూరులో ఏ ఇల్లాలికైనా ఇట్టే తెలుస్తుంది.

రెండు వారాలు మించి దగ్గు ఉన్నచో ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష ఉచితం, మందులూ ఉచితమే. సాధారణ క్షయకు చికిత్సాకాలం 6 నెలలు. చ్యవనప్రాశ, మూలికా కషాయాలు సేవించదలచినవారు ముందుగా చికిత్స చేయు వైద్యునితో చెప్పవలెను. వాటిని మాత్రలకు బదులుగా వాడరాదు.