కరెంటు లేని కొండింటికి ఏ యాంటెన్నా?

కరెంటు తీగ చేరని కొండ మీద టీవీ చూడాలంటే ‘ఎత్తయిన గొట్టం, పెద్ద యాంటెన్నా, దానికో బూస్టర్’ అనే సలహా ఇప్పటికీ వినిపిస్తుంది. 1980ల్లో అది సరైన మాటే. ఇప్పుడు కాదు. నేల మీది ట్రాన్స్‌మిటర్ నుంచి వచ్చే తరంగాలు దాదాపు అడ్డంగా ప్రయాణిస్తాయి. మధ్యలో కొండ ఉంటే తెర నిండా చుక్కలే. బూస్టర్ అందిన సిగ్నల్‌ని పెంచుతుంది తప్ప అందనిదాన్ని పుట్టించలేదు. పైగా 2022 నాటికి ప్రసార భారతి అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దాదాపు అన్నింటినీ ఆపేసింది. పట్టడానికి ఏమీ లేనిచోట అల్యూమినియం పుల్లలకు డబ్బు పోయడం దండగ.

అలాంటి ఇంటికి తగినది 60 సెంటీమీటర్ల చిన్న డిష్. పాడేరునే తీసుకుందాం. నెలవారీ చందా లేని డీడీ ఫ్రీ డిష్ ప్రసారాలు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదున్న జీశాట్-15 నుంచి వస్తాయి. పాడేరు నుంచి చూస్తే ఆ ఉపగ్రహం ఆగ్నేయానికీ దక్షిణానికీ నడుమ, దిగంతం నుంచి సుమారు 65 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అంటే దాదాపు నడినెత్తికి దగ్గర్లో. అంత ఎత్తు నుంచి దిగే సిగ్నల్‌కి ఎదుటి కొండ అడ్డు కాదు, పెరట్లో చెట్టే అడ్డు. డిష్ కన్నా 20 మీటర్లు ఎత్తున్న సిల్వర్ ఓక్ ఆ దిక్కున ఉంటే పది మీటర్లు ఎడంగా డిష్ బిగిస్తే సరిపోతుంది. సిల్వర్ ఓక్ నీడలో పెరిగే అక్కడి కాఫీ తోటల్లో ఈ లెక్క చూసుకోవాల్సిందే. తడిసిన ఆకులు ఈ తరంగాలను మింగేస్తాయి. ఇంకో సంగతి, ఇది ఆఫ్‌సెట్ డిష్. అది చూసే చోటు కన్నా బాగా కిందికి చూస్తున్నట్టు కనబడుతుంది. ‘ఆకాశంలోకి కదా చూడాలి’ అని వెనక్కి వంచేస్తే సిగ్నల్ పోతుంది.

డిష్ మొదట్లో ఇంత చిన్నది కాదు. 1975 ఆగస్టులో మొదలైన ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగంలో మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల పల్లెలకు అమర్చినవి మూడు మీటర్ల ఇనుప వల డిష్‌లు. అప్పటి ప్రసారం 860 మెగాహెర్ట్జ్‌లో, తరంగం పొడవు 35 సెంటీమీటర్లు. ఇప్పటి డిష్ ప్రసారాలు వచ్చే కేయూ బ్యాండ్‌లో అది రెండున్నర సెంటీమీటర్లే. డిష్ ఇంత చిన్నదవడానికి అదొక ముఖ్య కారణం.

ఆ పొట్టి తరంగానికి వానంటే పడదని ఆక్షేపిస్తారు. నిజమే. 90 సెంటీమీటర్ల డిష్ పెడితే విస్తీర్ణం రెండుంపావు రెట్లవుతుంది, మామూలు వానను తట్టుకుంటుంది. కానీ గాలి పట్టూ అంతే పెరుగుతుంది. 2014లో హుద్‌హుద్ తుపాను చూసిన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. తుపాను కబురుకి టీవీని నమ్ముకోకుండా బ్యాటరీ రేడియో ఉంచుకోవడమే నయం. ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకనేవారికి జవాబు ఒక్కటే: టవర్ అందని చోటు గురించే ఈ చర్చ. ఇక తెలుగు చానళ్లు తక్కువన్న ఫిర్యాదు న్యాయమైనదే. డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి ఉన్నా ఫ్రీ డిష్‌లో హిందీదే పెద్దపీట. సీరియళ్లే కావాలంటే చందా డీటీహెచ్ తప్పదు, నెలనెలా రీచార్జి కూడా.

అసలు చిక్కు యాంటెన్నా దగ్గర లేదు, బ్యాటరీ దగ్గరుంది. 2022లో ముగిసిన సౌభాగ్య విద్యుత్ పథకం కింద మారుమూల ఇళ్లకు ఉద్దేశించిన సోలార్ సెట్టు 200 నుంచి 300 వాట్లు. ఐదు ఎల్ఈడీ బల్బులు, ఒక డీసీ ఫ్యాను, ఒక డీసీ ప్లగ్ అందులో ఉండేవి. 12 వోల్టుల 24 అంగుళాల టీవీకి పాతిక వాట్లు, సెట్‌టాప్ బాక్సుకీ, డిష్ మూతి దగ్గర సిగ్నల్‌ని అందుకునే ఎల్ఎన్‌బీకీ కలిపి పది అనుకుంటే, నాలుగు గంటలకు 140 వాట్ అవర్లు. 12 వోల్టుల, 40 యాంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం వరకే వాడుకున్నా 240 వస్తాయి. ఇన్వర్టర్ పెడితే ఈ లెక్క చెడుతుంది. 12 వోల్టులను 230 చేసి, టీవీ లోపల మళ్లీ డీసీగా దించడంలో కొంత కరెంటు దారిలోనే పోతుంది. రిమోట్‌తో ఆపి వదిలేసిన బాక్సు గంటకు ఐదు వాట్ అవర్లు తాగినా మిగతా 20 గంటల్లో వంద ఖాళీ! ముసురు పట్టిన వారంలో ఆ వంద లేకే దీపాలు ఆరిపోతాయి. అందుకే బాక్సు కొనేటప్పుడు అడాప్టర్ మీద 12 వోల్టులని ఉందో లేదో చూసి తీసుకోండి, రాత్రి పడుకునే ముందు ప్లగ్ దగ్గరే స్విచ్ కట్టేయండి.